పక్కింట్లో ఆడమనిషి దెబ్బలు తింటుంటే మనం ఏం చేయాలి: గోదావరి జిల్లాల వాళ్లకు ఒక మార్గదర్శి

మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట అని మన సామెత. నవ్వులాటకి వాడే మాటే గానీ అందులో పచ్చి నిజం ఉంది. కొట్టేది ఒకడు. కొట్టాక ఆమె ఎటు కదలగలదో తేల్చేది చుట్టూ ఉన్న పదిమంది: అత్త, పక్కింటి పిన్ని, డ్వాక్రా లీడరు, కులపెద్ద, పుట్టింటి అన్న, ఆసుపత్రి నర్సు, స్టేషన్ రైటరు.

డెల్టా ఊళ్లలో కాలవగట్టు వెంబడి ఇళ్లు గోడకి గోడ ఆనుకునే ఉంటాయి. ఎవరింట్లో రాత్రి ఏం జరిగిందో తెల్లారేసరికి వీధికంతా తెలుస్తుంది. కాబట్టి తెలియక ఊరుకున్నామని ఎవరూ అనలేరు. మనం ఊరుకోవడం కూడా తక్కువే, ఏదో ఒకటి చేస్తూనే ఉంటాం. కాకపోతే చేసేదంతా కాపురం నిలబెట్టడానికి. ఆమె నిలబడిందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఈ వరస తిరగబడాలి. ముందు మనిషి, తర్వాత కాపురం. కింద రాసినవన్నీ ఆ వరసలోనే ఉంటాయి.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ ఆడవాళ్లలో సుమారు 84 శాతం మంది ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబే అన్నారు. చెప్పకుండా బయటికి వెళ్లడం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామలకు మర్యాద ఇవ్వకపోవడం లాంటివి ఆ కారణాలు. అదే సర్వే ప్రకారం దేశంలో హింసకు గురైన ఆడవాళ్లలో 77 శాతం మంది సాయమూ కోరలేదు, ఎవరికీ చెప్పనూ లేదు. ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. సబబే అనే వాళ్ల మధ్య ఉంటూ ఎవరికి చెప్పుకుంటుంది?

మొదటి అడుగు: కేకలు వినబడినప్పుడు

ఒక్కరే పరిగెత్తి ఇద్దరి మధ్యకి దూరొద్దు. కొబ్బరి కత్తో, కొడవలో చేతికందే దూరంలో ఉండే ఇళ్లు మనవి. ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి, అందులో ఒక్కరైనా వయసులో పెద్దవాళ్లు ఉంటే మంచిది. తలుపు తట్టి గొడవ సంగతి ఎత్తకుండా ఏదో ఒక పని మీద వచ్చినట్టు పిలవండి. "వదినా, మా మోటారు ఆడట్లేదు, ఓ బిందె నీళ్లు పట్టుకుంటా" అన్నా సరిపోతుంది. కొట్టే చెయ్యి చాలాసార్లు అక్కడే ఆగుతుంది. ఎవరో చూస్తున్నారని తెలియడమే అతనికి అడ్డు.

ఆగకపోతే, కత్తి, కిరోసిన్, పెట్రోలు లాంటివి కనబడితే అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి. మన పేరు బయటికొస్తుందేమో, రేపు మన మీద కక్ష కడతారేమో అనే భయం అందరికీ ఉంటుంది. 2005లో వచ్చి 2006 అక్టోబరు 26 నుంచి అమలవుతున్న గృహహింస చట్టం నాలుగో సెక్షన్ ఈ భయం కోసమే ఉంది. హింస జరిగిందని, జరుగుతోందని నమ్మే కారణం ఉన్న ఎవరైనా రక్షణ అధికారికి, అంటే ఈ చట్టం కింద జిల్లాలో ఉండే ప్రభుత్వ అధికారికి, సమాచారం ఇవ్వొచ్చు. మంచి ఉద్దేశంతో ఇచ్చిన సమాచారానికి వాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఏదీ పడదు.

ఇంకొక మాట. ఫోన్‌లో వీడియో తీసి వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టొద్దు. తీయాల్సి వస్తే తీయండి, అది ఆమెకే ఇవ్వండి, వేరే ఎవరికీ పంపకండి. చీర చెదిరి ఏడుస్తున్న మనిషిని ఊరంతా చూశాక ఆమె మళ్లీ నోరు విప్పదు.

రెండో అడుగు: ఆమె చెప్పినప్పుడు వినడం

మర్నాడు పొద్దున ముఖం వాచి కనిపిస్తుంది. ఏమైందమ్మా అంటే "ఆయ్, ఏం లేదండి, బాత్రూంలో జారిపడ్డాను" అంటుంది. రెట్టించకండి. అత్తగారి ముందు, పిల్లల ముందు అసలే అడగొద్దు. రేవు దగ్గరో, డ్వాక్రా మీటింగ్ అయ్యాకో, అంగన్‌వాడీకి పిల్లాణ్ణి తెచ్చినప్పుడో, ఆమె ఒక్కతే ఉన్నప్పుడు "నాకు వినబడిందమ్మా, నీకు ఎప్పుడు చెప్పాలనిపిస్తే అప్పుడు నేనున్నాను" అని వదిలేయండి. అప్పుడే చెప్పకపోవచ్చు. కానీ ఆ ఇల్లు ఎక్కడుందో గుర్తుపెట్టుకుంటుంది.

చెప్పడం మొదలుపెట్టాక ఈ మాటలు మాత్రం వద్దు: నువ్వేం అన్నావ్ మరి, తాగి ఉన్నాడు గదా, పిల్లల మొహం చూసి సర్దుకో, మా రోజుల్లో అయితే. తాగుడు సంగతి కొంచెం ఆగి ఆలోచించండి. ఎంత తాగినా అతను షావుకారుని కొట్టడు, ప్రెసిడెంటుని కొట్టడు, చేపల చెరువు ఓనరుని కొట్టడు. ఎవరిని కొట్టొచ్చో ఆ మత్తులోనూ బాగానే తెలుసు. రొయ్యలు పోయాయి, అప్పుల టెన్షన్‌లో ఉన్నాడు అనే మాటా అలాంటిదే. అప్పు ఆమె నెత్తిన కూడా ఉంది, ఆమె ఎవరినీ కొట్టట్లేదు.

చెప్పాల్సింది చాలా తక్కువ. నమ్ముతున్నాను. తప్పు నీది కాదు. నీకేం కావాలి? ఈ మూడోదే ఎవరూ అడగరు. "వాణ్ణి వదిలేసెయ్" అని ఆవేశపడే వాళ్లూ, "సర్దుకుపో" అనే వాళ్లూ ఇద్దరూ ఆమె తరఫున వాళ్లే నిర్ణయం తీసేసుకుంటున్నారు.

దెబ్బలు లేకపోయినా హింస హింసే. చట్టం శరీరానికి చేసేది, లైంగికంగా చేసేది, మాటలతో మనసుని హింసించేది, డబ్బు విషయంలో చేసేది అన్నిటినీ లెక్కలోకి తీసుకుంటుంది. డబ్బు సంగతి కోనసీమకి, పశ్చిమ డెల్టాకి బాగా తెలిసిన కథ. ఆమె కువైట్‌లోనో, మస్కట్‌లోనో ఇళ్లలో పనిచేసి పంపిన డబ్బు ఇక్కడ ఏమైందో లెక్క చెప్పరు, తిరిగి వచ్చి అడిగితే కొడతారు. లేదా భర్త గల్ఫ్‌లో ఉంటాడు, అత్తమామలు ఆమె చేతికి రూపాయి రానివ్వరు. పాస్‌బుక్, ఏటీఎం కార్డు, పాస్‌పోర్టు లాగేసుకోవడం కూడా ఇందులోకే వస్తుంది.

మూడో అడుగు: ప్రమాదం ఎంతుందో అంచనా

కొన్ని ప్రశ్నలు సూటిగానే అడగాలి. ఎప్పుడైనా గొంతు నులిమాడా? చంపుతానని అన్నాడా? కత్తి, పెట్రోలు పట్టుకున్నాడా? కడుపుతో ఉన్నప్పుడు కొట్టాడా? ఈమధ్య దెబ్బలు పెరిగాయా? అనుమానంతో ఫోన్ చూడటం, వెంట తిరగడం ఉందా? పిల్లల్ని కొడుతున్నాడా?

వీటిలో గొంతు నులమడం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే మన వాళ్లు దాన్ని చెంపదెబ్బ లెక్కలోనే వేస్తారు. ఒకసారి గొంతు నులిమినవాడి చేతిలో ఆ ఆడమనిషి తర్వాత చనిపోయే ప్రమాదం చాలా ఎక్కువని పరిశోధనలు తేల్చాయి. పైకి మచ్చ కూడా ఉండకపోవచ్చు. గొంతు బొంగురుపోవడం, మింగడానికి నొప్పి, కళ్లలో ఎర్ర చుక్కలు, తల తిరగడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మర్నాటిదాకా ఆగొద్దు.

రెండోది, "చచ్చిపోతానండి" అనే మాట. వరి, కొబ్బరి, కూరగాయల సాగున్న ఇళ్లలో పురుగుమందు డబ్బా గూట్లోనే ఉంటుంది. ఆ మాట వింటే ఆమెను ఒంటరిగా వదలొద్దు. ఆ డబ్బాలు ఇంట్లోంచి తీయించండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నాలుగో అడుగు: ఆసుపత్రి, ఆధారాలు

ప్రభుత్వాసుపత్రికే వెళ్లడం మంచిది. డాక్టరుకి జారిపడ్డానని కాకుండా జరిగింది జరిగినట్టు చెప్పమనండి. అప్పుడే మెడికో లీగల్ కేసుగా రాస్తారు. ఆ కాగితం మూడేళ్ల తర్వాత కూడా కోర్టులో పనికొస్తుంది. ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని ఇంటికొస్తే ఆ రోజు జరిగినదానికి ఏ జాడా మిగలదు. గృహహింసకు గురైన మనిషికి వైద్యం చేయనని ఆసుపత్రి అనడానికి చట్టం ఒప్పుకోదు.

దెబ్బల ఫోటోలు తీసేటప్పుడు ఒకటి ముఖం కనబడేలా, ఒకటి దగ్గరనుంచి తీయండి. రెండు మూడు రోజులకి కమిలి నల్లబడ్డాక ఇంకోసారి తీయాలి. తీసిన ఫోన్‌లోంచి అసలు ఫోటో చెరిపేయొద్దు. ఆమె ఫోన్ అతను చూస్తాడంటే మీ ఫోన్‌తోనే తీయండి. మహిళల హెల్ప్‌లైన్ 181కి చేసిన కాల్ కూడా జాబితాలోంచి తీసేయాల్సి రావొచ్చు. ఏ తేదీన ఏం జరిగిందో ఒక నోటుబుక్కులో రాసి మీ ఇంట్లో పెట్టుకోవచ్చు.

ఐదో అడుగు: రాత్రికి రాత్రి వెళ్లాల్సొస్తే

ఒక సంచి ముందే సిద్ధంగా ఉండాలి, అది ఆమె ఇంట్లో ఉండకూడదు. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్, డ్వాక్రా పుస్తకం, పెళ్లి ఫోటో, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, బంగారం బిల్లులు, పొలం కాగితాల జిరాక్సులు, రోజూ వేసుకునే మందులు, కొంత డబ్బు. లంక గ్రామాల వాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. వరద రోజుల్లో కాజ్‌వేలు మునిగితే పడవే గతి, రాత్రి పడవ ఉండదు. కాబట్టి లంకలోనే ఒక ఇల్లు, ఏటికి ఇవతల ఒక ఇల్లు అనుకుని పెట్టుకోవాలి. సంక్రాంతి మూడు రోజులూ కూడా జాగ్రత్తే. పందేల్లో పోయిన డబ్బు, తాగిన మందు కలిసి ఇంటికొస్తాయి.

చుట్టాలిల్లు కుదరకపోతే సఖి కేంద్రం ఉంది. వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, కౌన్సెలింగ్, కొద్ది రోజుల వసతి ఒకే చోట దొరుకుతాయి. కాకినాడ, ఏలూరు కేంద్రాలు ఉమ్మడి జిల్లాల రోజులనుంచీ ఉన్నవి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక ఎవరు ఎక్కడికి వెళ్లాలో చాలామందికి అయోమయం. 181కి ఫోన్ చేస్తే అది 24 గంటలూ పనిచేస్తుంది, దగ్గరలో ఏ కేంద్రం ఉందో చెప్తారు. వెంట మగపిల్లాడు ఉంటే వాడి వయసు చెప్పి, వసతి ఇస్తారా అని ఫోన్‌లోనే అడగండి. అక్కడికి వెళ్లాక లేదంటే ఆ తల్లి తిరిగి ఆ ఇంటికే వెళ్తుంది.

ఆరో అడుగు: పుట్టింటి వాళ్లకు

ఈ భాగం అమ్మానాన్నలు, అన్నదమ్ములు, వదినలు చదవాలి. సాయం కోరిన కొద్దిమందీ ఎక్కువగా వెళ్లేది పుట్టింటికే. పోలీసుల దాకా వెళ్లేవాళ్లు అతి తక్కువ. అంటే మీరే మొదటి స్టేషన్, మీరే మొదటి కోర్టు.

బిడ్డ సంచితో గుమ్మంలో నిలబడితే "ఎన్నాళ్లుంటావ్?" అని అడక్కండి. "నాలుగు రోజులు ఉండి వెళ్లు, అల్లుడుగారితో నేను మాట్లాడతా" అనడం ప్రేమగానే అనిపిస్తుంది. కానీ ఆమెకి వినబడేది నాలుగు రోజులు అన్న లెక్క ఒక్కటే. పండక్కి అల్లుడు రాకపోతే ఊళ్లో ఏమనుకుంటారో అని సంక్రాంతి ముందు రాజీ చేసి పంపేయడం మన దగ్గర ఆనవాయితీ అయిపోయింది. పండగ ఏటా వస్తుంది.

డబ్బు సంగతి తేటగా మాట్లాడుకోండి, లేకపోతే అది వదిన మాటల్లోంచి బయటికొస్తుంది. పసుపుకుంకుమ కింద ఇచ్చిన పొలం ఆమె పేరున రిజిస్టరయిందా, నోటిమాటేనా? కౌలు డబ్బు ఎవరి చేతికి వెళ్తోంది? హిందువుల ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఆంధ్రప్రదేశ్‌లో 1985లోనే మొదలైంది, 2005లో దేశమంతటికీ వచ్చింది. ఆమె మీ ఇంట్లో ఉంటున్నది మీ దయ మీద కాదు. అత్తింట్లో ఉండిపోయిన బంగారం, సారె సామాను తిరిగి ఇప్పించే అధికారం గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటుకి ఉంది.

అన్నదమ్ములు నలుగురిని వేసుకుని వెళ్లి బావని కొట్టి రావడం మాత్రం వద్దు. మీ మీద కేసవుతుంది, ఆమె కేసు బలహీనపడుతుంది. వెనక్కి వెళ్తే ఆ దెబ్బలు కూడా ఆమె మీదే పడతాయి.

ఏడో అడుగు: పెద్దమనుషుల తగువు

కూర్చోబెట్టి మాట్లాడటం అంటే మన వాళ్లకి మహా నమ్మకం. అందులో కొంత న్యాయం ఉంది: ఖర్చు లేదు, ఊళ్లోనే అయిపోతుంది, కొందరు పెద్దల మాటకి మొగుళ్లు జడుస్తారు కూడా. కానీ రావిచెట్టు కింద కూర్చునేది ఎవరు? ఎక్కువసార్లు అతని బాబాయిలు, అతనికి అప్పిచ్చినవాళ్లు, అతని పార్టీ వాళ్లు. ఆమె ఓ మూల నిలబడి ఉంటుంది.

గొంతు నులమడం, కత్తి, నిప్పు, పిల్లల మీద చెయ్యి వేయడం లాంటివి ఉంటే తగువు వద్దే వద్దు. మిగతా సందర్భాల్లో ఆమే అడిగితేనే కూర్చోబెట్టండి, అదీ కొన్ని షరతుల మీద. అత్తింట్లో కూర్చోకూడదు. ఆమె ఎంచుకున్న ఇద్దరు ఆడవాళ్లు పెద్దల్లో ఉండాలి. ఆమె మాట ఆమే చెప్పాలి, నాన్నో మావయ్యో కాదు. ఆమె నడత గురించి ఎవరు మాట ఎత్తినా అక్కడే ఆపాలి. ఎందుకు కొట్టాడు అన్నది చర్చకి రాకూడదు. కారణం వెతకడం మొదలుపెడితే "నీదీ కొంత తప్పుంది, వాడిదీ కొంత తప్పుంది" దగ్గర తేలుతుంది. ఇద్దరి చేతా ధరావతు కట్టించి లేచిపోతారు.

స్టాంపు కాగితాల సంగతి. ఇకమీదట కొట్టనని అతని చేత రాయించుకుంటే తీసుకోండి. దాని జిరాక్సు ఆమె దగ్గరా, పుట్టింటి దగ్గరా ఉండాలి, అది అతను ఒప్పుకున్నట్టు ఆధారం. కానీ కేసు పెట్టనని, భరణం అడగనని, ఇల్లు వదిలేస్తానని ఆమె చేత రాయించే కాగితం మీద సంతకం వద్దు. అలా రాసిచ్చినంత మాత్రాన చట్టం ఇచ్చిన హక్కు పోదు. పెద్దలు స్టాంపు కాగితం మీద రాసిచ్చే విడాకులకు కూడా మామూలుగా కోర్టులో విలువ ఉండదు. లేచే ముందు నెల తర్వాత ఏ రోజు మళ్లీ కలవాలో తేదీ పెట్టండి. ఈలోపు ఒక ఆడమనిషి వెళ్లి ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి, భర్త పక్కన ఉండగా "బాగున్నావా" అని అడిగితే ఉపయోగం లేదు.

ఎనిమిదో అడుగు: చట్టం దారి

"వాణ్ణి జైల్లో పెట్టొద్దండి, కొట్టకుండా ఉంటే చాలు" అనే ఆడవాళ్లే ఎక్కువ. సరిగ్గా వాళ్ల కోసమే గృహహింస చట్టం. దీన్ని, భర్తో అత్తింటివాళ్లో పెట్టే క్రూరమైన బాధల మీద పెట్టే క్రిమినల్ కేసు 498ఎని చాలామంది ఒకటే అనుకుంటారు. రెండూ వేరు.

గృహహింస చట్టం కింద మెజిస్ట్రేటు కొట్టొద్దని, దగ్గరికి రావొద్దని, ఇంట్లోంచి వెళ్లగొట్టొద్దని, ఖర్చులకు డబ్బు ఇవ్వమని, పిల్లలు ఎవరి దగ్గర ఉండాలో ఆదేశాలిస్తారు. ఇల్లు అత్తమామల పేరున ఉన్నా, ఆమె కాపురం చేసిన ఇల్లయితే అక్కడ ఉండే హక్కు కోరొచ్చని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. రక్షణ ఆదేశం మీరితే అప్పుడు నేరం: ఏడాది వరకు జైలు, 20,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మొదటి వాయిదా మామూలుగా మూడు రోజుల్లో ఉండాలని, కేసు 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలో ఉంది. నిజానికి వాయిదాలు సాగుతాయి, అందుకే దరఖాస్తుతోపాటు మధ్యంతర ఆదేశం కూడా అడగాలి.

మొదలుపెట్టడానికి జిల్లా మహిళా శిశు సంక్షేమ శాఖ దగ్గరుండే రక్షణ అధికారిని కలిస్తే, జరిగినదంతా ఒక నిర్ణీత నమూనాలో రాసి మెజిస్ట్రేటుకి పంపుతారు. దారి తెలియకపోతే అంగన్‌వాడీ టీచరునో, సచివాలయంలో సిబ్బందినో అడగొచ్చు. లాయరుకి డబ్బు అక్కర్లేదు. ఆదాయం ఎంతున్నా ఆడవాళ్లకు న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్ని పెడుతుంది, ఫోన్ 15100. పుట్టింట్లో ఉంటే ఆ ఊరి కోర్టులోనే వేయొచ్చు. రాజోలులో కాపురం చేసిన మనిషి భీమవరంలో పుట్టింటికి వచ్చేస్తే వాయిదాకి మళ్లీ ఏరు దాటక్కర్లేదు.

పాత 498ఎ ఇప్పుడు, అంటే 2024 జులై 1 నుంచి, భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షన్. మూడేళ్ల వరకు జైలు. దీనికి ఫిర్యాదు ఆమె గానీ, ఆమె రక్తసంబంధీకులో, బంధువులో గానీ ఇవ్వాలి. పక్కింటివాళ్లు ఇస్తే సరిపోదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. వేరే స్టేషన్ పరిధి అని తిప్పి పంపకూడదు, జీరో ఎఫ్‌ఐఆర్ రాయాలి, అంటే అక్కడే కేసు రాసుకుని తర్వాత ఆ పరిధి స్టేషన్‌కి పంపాలి. స్టేషన్లో ముందు కౌన్సెలింగ్ అంటారు. ఒకసారి వెళ్లండి. మూడోసారి, నాలుగోసారి కూడా పిలుస్తుంటే ఫిర్యాదుకి రసీదు అడగండి, ఎస్పీ ఆఫీసుకి రాతపూర్వకంగా పంపండి. ఇంకొకటి తెలిసుండాలి: కేసు పెట్టగానే అరెస్టు చేసేస్తారనుకోవద్దు. 2014లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ముందు నోటీసు ఇవ్వడమే ఎక్కువ. నోటీసు చేతికందిన రోజు అతను ఇంట్లోనే ఉంటాడు, కోపంతో. ఆ రోజుకి ఆమె, పిల్లలు ఎక్కడ ఉండాలో ముందే తేల్చుకోండి.

తొమ్మిదో అడుగు: ఆ తర్వాత

మొదటి వారం ఇల్లంతా చుట్టాలే. మూడో నెలకి ఎవరూ ఉండరు. వాయిదా రోజు ఒక్కతే బస్సెక్కుతుంది, కోర్టు వరండాలో అత్తింటి వాళ్లు పదిమంది నిలబడి ఉంటారు. ఆ రోజు పక్కన ఒకరు ఉండాలి. డ్వాక్రా సంఘంలో వంతులు వేసుకోవచ్చు. ఆమె అప్పు వాయిదా రెండు నెలలు సర్దుబాటు చేయడం, మీటింగ్‌లో ఆమె సంగతి నలుగురిలో ఎత్తకపోవడం కూడా సంఘం చేతిలో పనే. రొయ్యల షెడ్డులోనో, కొబ్బరి పీచు యూనిట్లోనో, బట్టల షాపులోనో పని చూపిస్తే మాటలకంటే ఎక్కువ. పిల్లల స్కూలు మారితే టీసీ కోసం తండ్రి సంతకం అంటారు, హెడ్‌మాస్టరుతో ముందే మాట్లాడి పెట్టండి.

ఆమె తిరిగి అతని దగ్గరికి వెళ్లొచ్చు. చాలామంది వెళ్తారు, ఒక్కసారి కాదు. ఇంత చేస్తే మళ్లీ వెళ్లిందని కోపం వస్తుంది, అది ఆమె ముందు చూపించొద్దు. వెళ్లే ముందు నోటుబుక్కు, ఫోటోలు, సంచి మీ దగ్గరే ఉంచుకోండి. ఫోన్‌లో ఏ మాట అంటే రమ్మని అర్థమో అనుకోండి. "పిన్నీ, ఆవకాయ జాడీ ఎప్పుడు పంపుతావ్?" లాంటిది, పక్కన ఎవరు విన్నా అనుమానం రానిది. ఆ మాట వినబడితే ఎవరు బండి తీస్తారో, ఎవరు 112కి చేస్తారో, పిల్లల్ని ఎవరు పట్టుకుంటారో ఆ ముగ్గురికీ ముందే చెప్పి ఉంచండి.